గంజి తర్వాతే నూలు

(మాష్టారి స్మారకోపన్యాసం, కృష్ణానగర్, హైదరాబాద్)

 

మాష్టారి పేరు మీద మాట్లాడాలని కబురు వచ్చినప్పుడు విషయం వెతుక్కోవలసిన పని నాకు పడలేదు. ఈ హాలుకి నాలుగు సందుల అవతల, ఆయన బావమరిదిగారి కాస్ట్యూమ్స్ షాపులో, ఒక శ్రావణమాసపు మధ్యాహ్నం ఆయన నా చేతిలో రెండు పంచెలు పెట్టారు. ఆనాటి నుంచి ఈనాటి దాకా నేను చదివింది, చేసింది, పిల్లలకు చెప్పింది అంతా ఆ రెండు పంచెలకీ ఉన్న తేడా గురించే.

కృష్ణానగర్ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. తెల్లవారకముందే ప్రొడక్షన్ వ్యాన్ల కోసం రోడ్డు మీద నిలబడే జనం, గుమ్మం గుమ్మానికీ సినిమా బతుకు, గట్టి వాన పడితే సందుల్లో మోకాటి లోతు నీళ్ళు. ఆ షాపు నేలమట్టానికే ఉండేది. గోడలకు చెమ్మ. లోపల ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి. వాటిలో రాజుల అంగీలు, కానిస్టేబుల్ యూనిఫారాలు, పెళ్ళి సీనుకు కట్టే పంచెలు. ఆ యేడు వాన నీళ్ళు లోపలికొచ్చాయి. నీళ్ళు తీసిన వారానికి పెట్టెలు తెరిస్తే ముక్క వాసన గుప్పుమంది. కలరా ఉండలు పురుగును ఆపగలవు గానీ బూజును ఆపలేవు.

మాష్టారు మొదటి పంచెను నాకిచ్చారు. నల్లటి, ఆకుపచ్చటి చుక్కలు దాని నిండా ఉన్నాయి. "లాగు" అన్నారు. రెండు చేతులతో పట్టి లాగాను. పంచె బిర్రుగా నిలబడింది. తర్వాత అదే పెట్టె అడుగు నుంచి రెండోది తీశారు. దాని మీద మచ్చలు నిజానికి తక్కువ, పాలిపోయి ఉంది. లాగితే నా వేళ్ళ మధ్య అప్పడంలా విడిపోయింది. చీకిపోయింది.

"చూశావామ్మా! మొదటి దాంట్లో బూజు తిన్నది గంజి. రెండో దాంట్లో గంజి అయిపోయాక నూలు తిన్నది. బూజు అదే, పెట్టె అదే, బట్టా అదే. ముందు గంజి తిను, నూలు తర్వాత అని దానికి చెప్పిందెవరు?"

నా పని ఆ ప్రశ్నతోనే మొదలైంది. ఎంజైమ్ నూలును ఎలా కోస్తుందన్నది రసాయనశాస్త్రం. కోయమని ఎవరు, ఎప్పుడు ఆజ్ఞ ఇస్తారన్నది జన్యువుల కథ. మనవాళ్ళు మొదటి దాని గురించి చాలానే మాట్లాడతారు. రెండోది మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాతో సరి. నాకైతే రెండోదే అసలు విషయం అనిపిస్తుంది.

ముందు అన్నం మెతుకునూ వరిగడ్డి పరకనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. మెతుకులో ఉన్నది పిండి. పరకలో మూడో వంతుకు పైగా సెల్యులోజ్. విప్పి చూస్తే రెండూ గ్లూకోజ్ అణువుల దండలే. దండలో గ్లూకోజులను కలిపే ముడి ఒక దాంట్లో ఒకవైపు తిరిగి ఉంటుంది, రెండో దాంట్లో ఇంకోవైపు. ఈ ఒక్క మెలికతో మెతుకు మన కడుపులో కరిగిపోతుంది, పరక ఆవు కడుపులోకి వెళ్ళినా అక్కడి సూక్ష్మజీవుల సాయం లేకుండా కరగదు. సెల్యులోజ్ దండలు పక్కపక్కన చేరి, ఒకదాన్నొకటి పట్టుకుని, నీటి చుక్క దూరలేనంత బిగువుగా సర్దుకుంటాయి. మొక్కలో అయితే వాటి చుట్టూ హెమిసెల్యులోజ్ అల్లిక ఉంటుంది, ఆపైన లిగ్నిన్ పూత. పత్తి పోగులో ఈ గొడవ తక్కువ, అది తొంభై శాతం పైగా ఒట్టి సెల్యులోజే. గంజి పెట్టిన నూలు పంచె అంటే రెండు రకాల గ్లూకోజ్ ఒకే చోట: సులువుగా దొరికేది పైన, కష్టపడి సంపాదించుకోవలసింది లోపల.

శిలీంధ్రానికి నోరు లేదు, కడుపూ లేదు. తిండి మీదే పెరుగుతుంది, జీర్ణరసాలను బయటికి వదులుతుంది, కరిగినదాన్ని తన తంతువుల గోడల గుండా పీల్చుకుంటుంది. బయటికి వదిలిన ప్రతి ఎంజైమూ ఒక ప్రోటీన్. దాన్ని కట్టడానికి నత్రజని కావాలి, శక్తి కావాలి. వదిలాక అది తిరిగి రాదు. వాన నీటిలో కొట్టుకుపోవచ్చు, పక్కనున్న బ్యాక్టీరియా దాన్నే తినేయవచ్చు, అది కోసి తెచ్చిన చక్కెరను మరొకరు ఎగరేసుకుపోవచ్చు. కాబట్టి అవసరం లేని రోజున ఒక్క అణువు కూడా వదలకుండా ఉండటం దానికి బతుకు ప్రశ్న. బూజు అనగానే ఇష్టం వచ్చినట్టు తినేసే జీవి అనుకుంటాం. దాని అంత లెక్కగా ఖర్చు పెట్టేవాళ్ళు మన ఇళ్ళల్లో కూడా తక్కువ.

మాష్టారు ఈ మాటను నన్ను ఊరికే నమ్మమనలేదు. చూడమన్నారు.

పంచె మీది బూజును సూదితో తీసి పెంచాం. పన్నెండు పెట్రి పళ్ళేలు. అన్నిట్లోనూ అగార్, నీటిలో కరిగేటట్టు మార్చిన సెల్యులోజ్. ఆరింటిలో అదనంగా కొంచెం గ్లూకోజ్. ప్రతి పళ్ళెం మధ్యలో ఒక చుక్క సిద్ధబీజాలు. రోజుకొక జత తీసి, బూజును గీకేసి, కాంగో రెడ్ రంగు పోసి పావుగంట ఉంచి, ఉప్పు నీళ్ళతో కడగాలి. సెల్యులోజ్ ఉన్నంతమేరా ఎరుపు పట్టుకుని ఉంటుంది. ఎంజైమ్ కోసేసిన చోట ఎరుపు నిలవదు, లేత పసుపు వలయం కనపడుతుంది. ఈ రంగు పద్ధతిని టీథర్, వుడ్ అనే ఇద్దరు 1982లో ప్రచురించారు. చవకైన పని, ఏ కాలేజీ ల్యాబులోనైనా చేసుకోవచ్చు.

మూడో రోజుకి గ్లూకోజ్ లేని పళ్ళెంలో రూపాయి బిళ్ళంత వలయం వచ్చింది. గ్లూకోజ్ ఉన్న పళ్ళెంలో బూజు రెండింతలు పెరిగింది, వలయం మాత్రం లేదు. పళ్ళెం అంచు నుంచి అంచు దాకా ఎరుపే. నేను ఏదో తప్పు చేశాననుకున్నాను. సెల్యులోజ్ వేయడం మరిచిపోయానేమో, రంగు పాతదేమో అని కంగారు పడి, మిగిలిన పళ్ళేలు పారేసి మళ్ళీ మొదలు పెడతానన్నాను. మాష్టారు వద్దన్నారు. "నువ్వు తప్పు చేయలేదు. దానికింకా పని పడలేదు. రెండ్రోజులు ఆగు తల్లీ." అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఐదో రోజు గ్లూకోజ్ పళ్ళెంలో, బూజు ఉన్న చోటు చుట్టూ, గోటి అంచంత సన్నటి పసుపు గీత వచ్చింది. ఆరో రోజుకి అది వెడల్పైంది. గ్లూకోజ్ అయిపోయింది. ఆజ్ఞ వెళ్ళింది. ఆ సన్నటి గీతను చూసిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. ఒక జన్యువు మేలుకోవడాన్ని మామూలు కంటితో చూడటం అదే నాకు మొదలు.

ఇక్కడి నుంచి కథ పసిఫిక్ మహాసముద్రానికి పోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సాలమన్ దీవుల్లో ఒక విచిత్రమైన శత్రువును ఎదుర్కొంది. గుడారాలు, సంచులు, బెల్టులు, నూలు గుడ్డతో చేసిన ప్రతిదీ నెలల్లో చీకిపోయేది. 1944లో బూగన్‌విల్ దీవిలో కుళ్ళిన గుడారపు గుడ్డ నుంచి తీసిన ఒక బూజుకు క్యూఎం6ఏ అని నంబరు వేశారు. క్యూఎం అంటే సైన్యానికి సరుకులు సమకూర్చే విభాగానికి పొట్టి పేరు. ఆ విభాగపు ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, తర్వాత ఆయనతో చేరిన మేరీ మాండెల్స్ దశాబ్దాల తరబడి దాని మీద పని చేశారు. మొదట దాన్ని ట్రైకోడెర్మా విరిడి అనుకున్నారు. వేరే జాతి అని తేలాక 1977లో రీస్ గారి పేరు మీద ట్రైకోడెర్మా రీసై అయింది. ఈనాడు లోకంలో సెల్యులోజును కోసే సెల్యులేజ్ ఎంజైములు తయారు చేసే పరిశ్రమకు ఆ గుడారపు బూజు వంశమే ప్రధాన ఆధారం. బట్టను కాపాడటానికి మొదలైన పరిశోధన బట్టను కరిగించే వైపు తిరిగింది. నా రెండు పంచెలు కూడా అదే దారి పట్టాయి కాబట్టి ఈ కథంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ.

రీస్, మాండెల్స్ ముందున్న చిక్కు ఇది. సెల్యులోజ్ ఒక కొండ. తంతువు గోడ గుండా అది లోపలికి పోలేదు. జన్యువులేమో లోపల, కేంద్రకంలో ఉన్నాయి. మరి బయట సెల్యులోజ్ ఉందన్న కబురు లోపలికి చేరేదెలా? కోస్తే ముక్కలు లోపలికి పోతాయి, నిజమే. కోయాలంటే ఎంజైమ్ ఉండాలి. ఎంజైమ్ రావాలంటే కబురు అందాలి.

దీనికి జవాబులో సగం ఒక మలినంలో దొరికింది. గ్లూకోజ్ ఇస్తే ఎంజైమ్ రాకూడదు కదా. కానీ బజారులో కొన్న ఒక రకం గ్లూకోజుతో మాత్రం ఈ బూజు ఎంజైమ్ వదిలింది. ఇంకొకరైతే సీసా మార్చి ఊరుకునేవారు. వీళ్ళు ఆ గ్లూకోజును శుద్ధి చేసి, అందులో అతి కొద్దిగా కలిసి ఉన్న పదార్థాన్ని వేరు చేశారు. అది సోఫరోజ్, రెండు గ్లూకోజులు ఒక అరుదైన ముడితో కలిసిన చక్కెర. 1962లో మాండెల్స్, ప్యారిష్, రీస్ ఆ ఫలితం ప్రచురించారు. ట్రైకోడెర్మాకు అంతకు మించి ఘాటైన ప్రేరకం లేదు.

మిగతా సగం తర్వాత తెలిసింది. శిలీంధ్రం ఎప్పుడూ పూర్తిగా చేతులు ముడుచుకు కూర్చోదు. చాలా కొద్ది మోతాదులో ఎంజైములను వేగుల్లా బయటికి పంపుతూనే ఉంటుంది. సెల్యులోజ్ తగిలితే అవి కొన్ని ముక్కలు తెంచుతాయి, రెండు గ్లూకోజుల సెల్లోబయోజ్ వస్తుంది. అందులో కొంత, ఎంజైముల చేతుల్లోనే ముడి మారి సోఫరోజ్ అవుతుంది. ఆ చిన్న చక్కెరే లోపలికి పోయి కబురు చెబుతుందని అనుకుంటున్నారు. ఆస్పర్జిల్లస్ నైగర్ అనే నల్ల బూజుకు గోధుమ గడ్డి పెట్టి 2012లో చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఆకలి మొదలవగానే, ఎదుట గడ్డి ఉన్నా లేకపోయినా, అది కొన్ని ఎంపిక చేసిన ఎంజైములను వదులుతుంది. అంటే వేగులను పంపించేది ఆకలే. కబురు నిజమని తేలాక, గడ్డి మీద ఒక రోజు గడిచేసరికి, దాని సందేశ ఆర్ఎన్ఏలో ఐదో వంతు దాకా చక్కెర దండలను కోసే ఎంజైముల కోసమే ఖర్చవుతోంది. ఇంటి బడ్జెట్‌లో ఐదో వంతు ఒకే పద్దుకు రాస్తే ఆ పని ఎంత ముఖ్యమో ఊహించుకోండి.

కేంద్రకంలో జరిగేదాన్ని మాష్టారు కృష్ణానగర్ భాషలో చెప్పేవారు. జన్యువు ఆర్టిస్టు లాంటిది. ఇంట్లో సిద్ధంగా ఉంటుంది. కాల్‌షీట్ వస్తేనే షూటింగుకు బయల్దేరుతుంది. జన్యువుకు ముందుండే డీఎన్ఏ భాగం ఆ కాల్‌షీట్. దాని మీద సంతకం పెట్టే ప్రోటీన్లు వేరే ఉంటాయి. ట్రైకోడెర్మాలో ముఖ్యమైన సంతకం ఎక్స్‌వైఆర్1 అనే ప్రోటీనుది. దాని జన్యువును తీసేస్తే సెల్యులేజులు, హెమిసెల్యులోజును కోసే జైలనేజులు దాదాపు నిలిచిపోతాయి. ఆస్పర్జిల్లస్‌లో దాని బంధువును ఎక్స్ఎల్ఎన్ఆర్ అని 1998లోనే గుర్తించారు. దీనికి ఎదురుగా "ప్యాకప్" చెప్పే ప్రోటీన్ ఒకటుంది. ట్రైకోడెర్మాలో దాని పేరు సీఆర్ఈ1, ఆస్పర్జిల్లస్‌లో క్రీఏ. గ్లూకోజ్ దండిగా ఉన్నంతసేపూ అది సెల్యులేజ్ జన్యువుల ముందు భాగాల మీద కూర్చుని అడ్డుపడుతుంది. అంతటితో ఆగదు, సంతకం పెట్టే ప్రోటీన్ల సంఖ్యను కూడా తగ్గిస్తుంది. గంజి ఉన్నంతసేపూ నూలు జోలికి పోనివ్వనిది ఇదే. గంజి కరిగి గ్లూకోజ్ వస్తుంది, గ్లూకోజ్ వల్ల సీఆర్ఈ1 కాపలా కాస్తుంది. గంజి ఐపోయాక కాపలా సడలుతుంది, వేగుల కబురు అప్పటికే వచ్చి ఉంటుంది.

ఒకటుండగా రెండోది ముట్టని ఈ గుణాన్ని ఫ్రాన్సులో జాక్ మోనో 1940ల్లో బ్యాక్టీరియాలో చూశాడు. దాని వెంటబడే జన్యు నియంత్రణ సూత్రాల దాకా వెళ్ళాడు, 1965లో జాకబ్, ల్వాఫ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నాడు. బ్యాక్టీరియా, శిలీంధ్రం ఒకే పనిని వేర్వేరు సామానుతో చేస్తాయి. సామాను వేరైనా లెక్క ఒకటే.

ఎక్కువ ఎంజైమ్ కావాలనుకున్న పరిశ్రమకు ఏం కావాలో ఇప్పుడు మీరే చెప్పగలరు: ప్యాకప్ చెప్పేవాడు లేని బూజు. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మాంటెన్‌కోర్ట్, ఎవ్లీ 1970ల చివర్లో అతినీలలోహిత కిరణాలతో, రసాయనాలతో క్యూఎం6ఏని పదేపదే మార్చి రట్-సి30 అనే రకం తీశారు. అది గ్లూకోజ్ ఉన్నా ఎంజైమ్ వదులుతుంది. ఎందుకన్నది వాళ్ళకు అప్పుడు తెలీదు. 1996లో దాని జన్యువులు చూస్తే సీఆర్ఈ1 సగానికి పైగా తెగిపోయి ఉంది. 2008లో ట్రైకోడెర్మా రీసై జన్యుపటం పూర్తిగా చదివారు. తొమ్మిది వేల పైచిలుకు జన్యువులు. ఇంత మహా కార్మికుడిలో సెల్యులేజ్ జన్యువులు ఇతర శిలీంధ్రాల కంటే తక్కువే ఉన్నాయని తేలింది. దాని బలం ఆజ్ఞలోనే ఉంది, ఆయుధాల సంఖ్యలో లేదు. మాష్టారు ఆ వ్యాసం చదివి నాకు ఫోన్ చేసి, "చెప్పానా!" అన్నారు. అంత సంతోషంగా ఆయన గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

శిలీంధ్రాల మాట వచ్చింది కాబట్టి మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పని చేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లో పోయారు. 1953లో హెసెల్టైన్ అనే శిలీంధ్రశాస్త్రజ్ఞుడు మురుగునీటిని శుద్ధి చేసే రాతి పరుపుల మీద కొత్త ప్రజాతిని కనుగొని దానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. విగ్రహాలు, తపాలా బిళ్ళల కంటే, మురికిని తిని నీటిని తేటపరిచే చోట పెరిగే ఒక జీవికి ఆయన పేరు నిలవడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

హైదరాబాదులో తార్నాక వైపు వెళ్తే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ దుర్గాదాస్ కస్బేకర్ ఏళ్ళ తరబడి న్యూరోస్పోరా అనే బూజు జన్యుశాస్త్రం మీద పని చేశారు. చెరకు తోట నరికి, ఆకు కాల్చిన తర్వాత మోళ్ళ మీద నారింజ రంగు పొడి లేస్తుంది. దాన్ని చూసిన రైతులు మీలోనూ ఉంటారు. అదే న్యూరోస్పోరా. దాని విత్తనాల్లాంటి సిద్ధబీజాలు మంట వేడికి నిద్ర లేస్తాయి. బెంగళూరు ఐఐఎస్సీలో రమేశ్ మహేశ్వరి కర్ణాటకలో చెరకు తోటల్లోకి వెళ్ళి దాని జీవితచక్రాన్ని నేల మీద కూర్చుని చూశారు. ప్రయోగశాలలో 1941 నుంచీ లోకమంతా వాడుతున్న జీవి, సొంత ఇంట్లో ఎలా బతుకుతుందో చూడాలనుకోవడం ఎంత మంచి ఆలోచన! కాలిన చెరకు మోడులో ముందు తియ్యటి రసం, ఆపైన పిప్పి. గంజి, నూలు మాటే మళ్ళీ.

ఈ న్యూరోస్పోరాలోనే 2012లో బర్క్‌లీలో లూయీస్ గ్లాస్ బృందం సెల్యులోజ్ కోసం సంతకం పెట్టే రెండు ప్రోటీన్లను, సీఎల్ఆర్-1, సీఎల్ఆర్-2లను పట్టుకుంది. అదే ఏడు మరో ప్రయోగం. సెల్లోబయోజును విరిచి గ్లూకోజుగా మార్చే మూడు ఎంజైముల జన్యువులనూ తీసేశారు. అప్పుడు బూజుకు ఒట్టి సెల్లోబయోజ్ ఇచ్చినా, ఎదుట సెల్యులోజ్ ఉన్నట్టే మొత్తం ఎంజైముల దండును దింపింది. మామూలు బూజులో ఆ కబురు అందిన మరుక్షణమే గ్లూకోజుగా విరిగి తిండి అయిపోతుంది, ఆ గ్లూకోజ్ మళ్ళీ ప్యాకప్ చెబుతుంది. అంటే ఒకే చక్కెర ముందు "రండి" అంటుంది, విరిగాక "చాలు" అంటుంది. ఎంత కోయాలన్నది ఈ రెండు మాటల మధ్య తూకం. నేను పాతికేళ్ళ పాఠాల్లో ఇంతకంటే అందమైన ఏర్పాటును పిల్లలకు చెప్పలేదు.

బూజు ఇంత అదుపుగా ఉండటానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. బతికున్న మొక్క మీద దాడి చేసే సూక్ష్మజీవికి ఇంకో భయముంది. దీనికి మంచి సాక్ష్యం హైదరాబాదులోనే దొరికింది, అదీ వరిలో. సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం వరికి ఎండాకు తెగులు తెచ్చే జాంథోమొనాస్ మీద పని చేసింది. అది శిలీంధ్రం కాదు, బ్యాక్టీరియా. కానీ వరి కణకవచాన్ని విప్పే ఎంజైములు దానికీ ఉన్నాయి. అందులో లిప్‌ఏ అనే ఎంజైమును శుద్ధి చేసి వరి ఆకులోకి ఎక్కిస్తే, తెగులు లేకుండానే ఆకు మేలుకుంది. కణాలు గోడలను గట్టి చేసుకున్నాయి, తర్వాత నిజంగా తెగులు సోకినా తట్టుకున్నాయి. గోడ పగిలిన చప్పుడుకే ఇంటివాళ్ళు లేచారన్న మాట. అందుకే ఆ బ్యాక్టీరియా గోడ కోసే పనితో పాటు, మొక్కను నిద్రపుచ్చే వేరే ప్రోటీన్లను కూడా లోపలికి పంపుతుంది. ఎక్కువ కోస్తే దొరికిపోతుంది, తక్కువ కోస్తే ఆకలి. సొంటి బృందం, రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థ కలిసి బాపట్ల సాంబ మసూరిలోకి మూడు తెగులు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదల చేశారు. మాష్టారిది బాపట్ల ప్రాంతమే. ఆ బియ్యం తెప్పించుకుని, వండించి, మా అందరికీ అన్నం పెట్టారు.

ఇక పొలం సంగతి. కంది, మిరప ఎండు తెగులుకు ట్రైకోడెర్మా విరిడి వేయమని మన వ్యవసాయ అధికారులు చెబుతారు. 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువులో, 10 కిలోల వేప పిండిలో కలిపి, నీళ్ళు చిలకరించి, గోనె పట్టా కప్పి నీడలో ఉంచమంటారు. చాలామంది రైతులు అందులో బెల్లం నీళ్ళు కూడా పోస్తారు. బెల్లం దేనికని నేనొకసారి అడిగితే "అది తొందరగా లేస్తుందమ్మా" అన్నాడు ఒక రైతు. సరైన జవాబే. బెల్లం ఉన్నప్పుడు బూజు పెరుగుతుంది, పోగులు పోగులుగా పరుచుకుంటుంది. అది అయ్యాక ఎరువులోని పీచు మీదికి వస్తుంది. అయితే అదే పని చేసే రైతుకు బెల్లం ఎక్కువైతే పీచు కదలదన్న సంగతి కూడా తెలియాలి. వాళ్ళకు మందు సంచి మీద మోతాదు రాసిస్తాం, లోపలి లెక్క చెప్పం. చెబితే వాళ్ళకు మనకంటే బాగా అర్థమవుతుంది, వాళ్ళు రోజూ చూసేదే కదా.

ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచే ఆడవాళ్ళు వరిగడ్డిని రాత్రంతా నానబెట్టి, ఉడకబెట్టి, నీళ్ళు పారబోస్తారు. ఆ నీళ్ళతో గడ్డిలోని తేలిక చక్కెరలు పోతాయి. ఆ చక్కెరల కోసం వచ్చే ఆకుపచ్చ బూజుకు పని దొరకదు. మిగిలిన గడ్డి పుట్టగొడుగు కోసమే. అది లిగ్నిన్‌ను కూడా విప్పగల జాతి. లిగ్నిన్ విషయంలో ఇంకో కొత్త రకం ఆజ్ఞ కనపడుతుంది. ఫానరోకీట్ అనే తెల్ల కుళ్ళు శిలీంధ్రం లిగ్నిన్ జోలికి పోయేది నత్రజని అయిపోయినప్పుడు. దాని లిగ్నిన్ పెరాక్సిడేజును 1983లో కనుగొన్నారు. చక్కెర ఆకలికి ఒక తలుపు, నత్రజని ఆకలికి ఇంకో తలుపు.

యాసంగి కోత మిషన్లు వెళ్ళాక మన జిల్లాల్లో పొలాల్లో మిగిలే గడ్డికి నిప్పు పెట్టడం చూస్తుంటే నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది. ఒక ఎకరం తగలబడుతుంటే, పొగలో పోతున్నది ఎన్ని గ్లూకోజులో నాకు తెలుసు. హర్యానాలో పానిపట్ దగ్గర వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం 2022 ఆగస్టు 10న జాతికి అంకితమైంది. ఏటా 2 లక్షల టన్నుల గడ్డి, రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ దాని లెక్క. ఇలాంటి కర్మాగారాలకు ఎంజైముల ఖర్చు పెద్ద బరువు. ఆ ఖర్చు తగ్గే దారులలో ఒకటి మనం ఇప్పటిదాకా మాట్లాడిన ఆజ్ఞలలోనే ఉంది. మన నేలలోనే మన గడ్డిని తెలిసిన బూజులున్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళు కొత్తగూడెం థర్మల్ స్టేషన్ వేడి మట్టి నుంచి వేడికి తట్టుకునే ఈస్టులు తీసి ఇథనాల్ పనికి పెట్టారు. అలాంటి వెతుకులాట మన చీకిన వరి మోళ్ళలో ఇంకా చాలా జరగాలి. డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ కావలసిన పని. పిల్లలకు ఆ ఓపిక ఉంది. మనం వాళ్ళకు ల్యాబులు తెరిచి పెట్టాలి, ఆదివారాలు కూడా.

మాష్టారి చివరి నెలల్లో నేను వారానికొకసారి ఇక్కడికి వచ్చేదాన్ని. ఆయన మంచం పక్కన స్టూలు మీద ఎప్పుడూ ఒక పళ్ళెం ఉండేది. చూపు తగ్గింది. పళ్ళెం దీపానికి ఎదురుగా పట్టుకుని, వలయం ఎంత వచ్చిందో నన్ను చెప్పమనేవారు. నేను మిల్లీమీటర్లలో చెబితే ఆయన నోటుబుక్కులో రాయించేవారు. చివరి పేజీలో చివరి అంకె 14. దాని కింద గీత లేదు, సంతకం లేదు, తర్వాతి వారానికి తేదీ మాత్రం ముందే రాసి ఉంది.

పక్క గదిలో బల్ల మీద పన్నెండు పళ్ళేలు పెట్టాను. అదే షాపు, అదే పెట్టెల్లోంచి ఈ వానాకాలం తీసిన బూజు. ఆరు గ్లూకోజుతో, ఆరు లేకుండా. ఇవాళ మూడో రోజు. రంగు కలిపి ఉంది, ఉప్పు నీళ్ళు ఉన్నాయి. మొదటి జత మీద రంగు ముందు వరసలో కూర్చున్న అమ్మగారు పోస్తారు. ఐదో రోజు గురువారం, సాయంత్రం ఐదింటికి తాళం నేనే తీస్తాను, రాగలిగినవాళ్ళు రండి.